నాలుగు తీగల ఢిల్లీరావు

ఢిల్లీరావు పెద్దకర్మకి కట్టిన ఫ్లెక్సీలో అతని చేతికి ఆరు తీగల గిటారు ఇచ్చారు.

కాశీబుగ్గలో ఆ ఫ్లెక్సీ వేసినవాడి తప్పేమీ లేదు. ముప్పై ఏళ్లు స్టేజీ ఎక్కిన మనిషికి సరైన ఫొటో ఒక్కటి లేదు. ఉన్న ఫొటోలన్నింటిలోనూ మా సింగరు ధనుంజయ ముందు నిలబడి, చెయ్యి చాపి, నోరు తెరిచి ఉంటాడు. ఆ చంక కిందనుంచి జాగ్రత్తగా చూస్తే ఢిల్లీరావు మోచెయ్యి కనిపిస్తుంది. మోచేతికి దండ వెయ్యలేం కదా. అందుకని ఆసుపత్రి కార్డు మీది ముఖం కోసి ఎవడో తెల్లవాడి ఒంటికి అతికించారు. ఆ తెల్లవాడు తోలుకోటు వేసుకుని, కాళ్లు రెండూ ఎడంగా పెట్టి, లీడ్ గిటారు ఎత్తిపట్టి ఆకాశంలోకి విర్రవీగుతున్నాడు. ముఖం మాత్రం డయాలసిస్‌కి తన వంతు ఎప్పుడొస్తుందా అని చూస్తున్నట్టే ఉంది. కింద ‘మీ లోటు తీరనిది’ అని రాశారు. ఆ లోటు ఏమిటో రాసినవాడిని అడిగితే చెప్పలేడు.

నా పేరు వైకుంఠరావు. పలాసలో ‘సాగర తరంగిణి ఆర్కెస్ట్రా’ అని ఒకటి ఉండేది. ఇప్పటికీ ఉంది, అంటే బోర్డు ఉంది. అందులో కీబోర్డు నాది, నాలుగే తీగలుండే బేస్ గిటారు ఢిల్లీరావుది. ఈ రెండింటి మధ్యా నేను చేసిన వెధవపని ఒకటుంది. దాచుకోను, దాని చోటు వచ్చినప్పుడు చెప్తాను.

ఢిల్లీరావు పేరుకే ఢిల్లీ. పైకి బరంపురం, కిందికి విశాఖపట్నం, ఆ మధ్యలోనే అతని ప్రపంచం. ఊరు పూండి స్టేషనుకి నాలుగు కిలోమీటర్లు, సముద్రం వైపు. కొబ్బరి, జీడి తోటల మధ్యలో రెండు గదుల ఇల్లు. వాళ్ల నాన్న జముకు మీటేవాడు. జముకంటే పెద్ద పనితనమేం కాదు, బుంగలాంటి చట్రానికి ఒకవైపు తోలు బిగించి, దాని మధ్యలోంచి ఒక తీగ లాగుతారు. చంకలో ఇరికించుకుని తీగ మీటితే బుడుం బుడుం అంటుంది. అమ్మవారి సంబరాల్లో కథ చెప్పేవాడు వేరు, పక్కన జముకు మీటేవాడు వేరు. కథ చెప్పినవాడికి శాలువా కప్పేవారు. మీటినవాడికి ముందుగా భోజనం పెట్టేవారు, అదీ ఎవరికైనా గుర్తుంటే.

"మా నాయినది ఒక తీగ. నాది నాలుగు. మా వంశం బాగుపడ్డాది బావా" అనేవాడు ఢిల్లీరావు.

మేం చుట్టాలం కాదు. మా వైపు స్నేహితుడు బావ అయిపోతాడు, అంతే.

ఆ నాలుగు తీగల గిటారు అతనికి రైలు దిగి వచ్చింది. పలాసలో గార్డులూ డ్రైవర్లూ బండి దిగి, రన్నింగ్ రూములో తిని పడుకుని, ఇంకో బండెక్కి పోతుంటారు. ఢిల్లీరావు పాతికేళ్ల వయసులో ఆ రన్నింగ్ రూములో వంట చేసేవాడు. ఖుర్దా రోడ్డు నుంచి వచ్చే రొజారియో అనే ముసలి గార్డు ఒకరోజు కూరగాయలు తరిగే చప్పుడు విని వంటింట్లోకి వచ్చాడట. ఉల్లిపాయలు ఇలా తాళంలో తరుగుతున్నది ఎవరని అడిగాడట. ఆయన కుర్రతనంలో రైల్వే ఇన్‌స్టిట్యూట్ డాన్సుల్లో జాజ్ వాయించినవాడు. రిటైరయ్యేలోపు రెండేళ్లు, బండి బండికీ మధ్య, ఢిల్లీరావుకి బేసు నేర్పాడు. పోతూపోతూ గిటారు ఇచ్చేసి పోయాడు. మా ఉద్దానం ప్రాంతం మొత్తం మీద జాజ్ వాయించిన మనిషి ఢిల్లీరావు ఒక్కడే. అది జాజ్ అని తెలిసినవాళ్లం ఇద్దరం, అతనూ నేనూ.

ఎందుకంటే మేం వాయించేవి సినిమా పాటలు. పెళ్లిళ్లు, సంబరాలు, నాయకుల పుట్టినరోజులు. అక్కడ జాజ్ అని చెబితే చెప్పుతో కొడతారు. అతను చెప్పకుండా వాయించేవాడు. మామూలుగా బేసంటే గోడకి మేకు కొట్టినట్టు ఒకేచోట దిగుతూ ఉంటుంది. ఢిల్లీరావు బేసు నడిచేది. పల్లవిలోంచి చరణంలోకి పోవాలంటే ముందు అతను పోయి తలుపు తీసి నిలబడేవాడు, పాట వెనక వచ్చేది. పాట ఎంత చెత్తదైనా సరే, దాని కింద అతను మర్యాదగా నడిచేవాడు. నా చెవులకి ఆ నడక తప్ప మరేం వినబడని రోజులున్నాయి.

జనానికి మాత్రం వినబడేది కాదు. కనబడేది. కనబడినదాన్ని బట్టి వాళ్లు అడిగేది ఒకటే ప్రశ్న, మిగతా రెండు తీగలూ ఎప్పుడు తెగిపోయాయని. హరిశ్చంద్రపురంలో ఒక పెళ్లికూతురి తండ్రి జాలిపడి, వాయిద్యం బాగు చేయించుకునే వరకూ పక్కన కూర్చోమన్నాడు. వజ్రపుకొత్తూరు దగ్గర ఒక బెస్త పెద్దాయన ఇంటికి పోయి గేలానికి కట్టే గట్టి దారం రెండు బారలు తెచ్చి ఇచ్చాడు. ఢిల్లీరావు దణ్ణం పెట్టి పుచ్చుకున్నాడు. ఇంటి దగ్గర దాని మీద బట్టలు ఆరేసుకునేవారు.

అదే తీరంలో ఒక సంబరం సంగతి చెప్పాలి. సాయంత్రం ఆరయింది, ఇసకలో వందమంది డాన్సు చేస్తున్నారు. పాట మంచి ఊపులో ఉండగా ఢిల్లీరావు వీపు మీద గండుచీమ కుట్టింది. గిటారు వదిలేసి వీపు గోక్కున్నాడు. ఎంతసేపు, పది సెకన్లు. ధనుంజయ పాడుతూనే ఉన్నాడు, నేను వాయిస్తూనే ఉన్నాను, డ్రమ్ములు మోగుతూనే ఉన్నాయి. డాన్సు చేసేవాళ్లకి మాత్రం కాళ్లు పడలేదు. ఒకడి తరవాత ఒకడు ఆగిపోయి మొహాలు చూసుకున్నారు.

"ఓరి నూకయ్యా, కరెంటు పోనాదేట్రా?" అని అరిచారు.

నూకయ్య మా సౌండువాడు. రంగురంగుల లైట్లు కళ్లెదురుగా వెలుగుతూనే ఉన్నాయి. అయినా పాపం జనరేటరు చూసిరావడానికి పరిగెత్తాడు. ఈలోగా ఢిల్లీరావు చీమని నలిపి మళ్లీ అందుకున్నాడు. "వచ్చీసింది, వచ్చీసింది" అంటూ జనం డాన్సులో పడ్డారు. నూకయ్యని మెచ్చుకున్నారు కూడా.

తిరిగి వచ్చేటప్పుడు వ్యానులో ఢిల్లీరావు నవ్వి నవ్వి దగ్గాడు. "నాను వాయిత్తే ఎవుడికీ తెలీదు బావా. ఆపితే కరెంటు పోనాదనుకుంతారు."

అతనికి దాని మీద బాధ లేదు. బాధ ఉన్నది అతని భార్య చిన్నమ్మికి.

చిన్నమ్మిని నేను అప్ప అంటాను. ఆమె నోటికి జడిసి మా ఆర్కెస్ట్రా మొత్తం అప్ప అనేది. ఆమెకి ఒక అన్నయ్య ఉన్నాడు, వరహాలు, పూండిలో కొబ్బరికాయల లోడ్లు ఎగుమతి చేస్తాడు. తనకి ధర తెలియని వస్తువు ప్రపంచంలో పనికొచ్చే వస్తువు కాదని అతని నమ్మకం. ఆరేళ్ల కిందట వాళ్ల చుట్టాలింట్లో ఒక పెళ్లి భోజనాల దగ్గర, నలుగురూ వింటుండగా అన్నాడట. "మా బావ ముప్పై ఏళ్లు ఆ కర్రముక్క మోసుకుని స్టేజీ మీద నిలబడ్డాడు. ఏటి వాయించినాడో ఆ దేవుడికే తెలియాల. ధనుంజయకి ఎనకమాల కొబ్బరిచెట్టు పాతినా సరిపోను."

చిన్నమ్మి విస్తరి మడిచి లేచిపోయింది. ఆ రోజు నుంచి అన్నతో మాట్లాడలేదు. అతను గుమ్మంలోకి వస్తే ఈమె పెరట్లోకి పోయేది. ఢిల్లీరావు పోయిన రోజున వరహాలు వచ్చి, పాడె దగ్గర అన్ని పనులూ చేసి, చెల్లెలు పలకరించకపోతే నోరెత్తకుండా వెళ్లిపోయాడు.

అయిదో రోజున నేను వెళ్లాను. అరుగు మీద కూర్చుని ఆమె ఉన్నట్టుండి అడిగింది.

"తమ్ముడా, నిజం సెప్పు. ఆయన ఏటి వాయించీవోడు?"

నాకు అర్థం కాలేదు. బేసు అన్నాను.

"బేసని నాకూ తెలుసు. ఎలాగుంటాది? నాను రెండుసార్లు ముందు వరసలో కూకున్నాను. ధనుంజయ పాట ఇనబడ్డాది. నీ పీపీ ఇనబడ్డాది. డ్రమ్ములోడు సెవులు కోసీసినాడు. ఆయన ఏళ్లు కదిలినాయి, అంతే. ఇంటికాడ మిషను లేందే అది పలకదు, గీకితే ఎలక కొరికినట్టుండీది." కొంగుతో మొహం తుడుచుకుంది. "మా అన్నతో ఆరేళ్లు మాటాడనేదు. దేనికోసం కొట్టాడినానో నాకే తెలీదు తమ్ముడా. అన్న అన్నది నిజమేమో, నానే మొగుడి మీద పచ్చపాతంతో ఎగిరినానేమో. పెద్దకర్మకి అన్న వత్తాడు. ఆ లోపల ఆయన వాయించింది ఒక్కపాలి ఇనిపించు. అన్నకి కాదు. నాకు."

అదేమంత పని, వినిపిస్తానన్నాను. నా నోరు ఎప్పుడూ నా బుర్ర కంటే ముందుంటుంది.

ముందుగా ఫోన్లు వెతికాం. ఢిల్లీరావు వాయించిన రోజులనాటి ప్రోగ్రాముల వీడియోలు ఒక్కొక్కడి ఫోనులో ఇంకా ఉన్నాయి. ఫోను స్పీకరు వేలిగోరంత ఉంటుంది, అందులోంచి బేసు రాదు. సరే, నూకయ్య పెద్ద బాక్సులకి తగిలించి చూశాడు. తియ్యడమే ఫోనుతో తీశారు కాబట్టి అందులో బేసు లేదు. గాలి హోరు, ఈలలు, ‘ఒరేయ్ చికెను అయిపోతంది’ అని ఎవడో అరవడం మాత్రం చాలా స్పష్టంగా ఉన్నాయి. తరవాత పెళ్లి వీడియోలు. వీడియో తీసినవాళ్లు మా చప్పుడు మొత్తం తీసేసి, పైన సీడీ పాటలు వేసేశారు. తెర మీద ఢిల్లీరావు మోచెయ్యి ఆడుతుంటుంది, వినబడేది మద్రాసు వాళ్ల బేసు. ధనుంజయ దగ్గర పాత క్యాసెట్లు ఆరు దొరికాయి. ఆరింటిలోనూ ధనుంజయ మైకు ఒక్కటే రికార్డయింది. ఎంత తిట్టాలనిపించినా పెద్దకర్మ ముందు తిట్టకూడదని ఊరుకున్నాను.

చివరికి గోడకి వేలాడుతున్న గిటారు దించాను. సముద్రపు గాలి తీగల్ని తుప్పు పట్టించి తినేసింది. మర తిప్పబోతే లావు తీగ టప్పున తెగి నా చెంప మీద కొట్టింది. నాకు అది తగిన శాస్తే అనిపించింది. ఎందుకంటే ఆ గిటారుని గోడకి ఎక్కించింది నేనే.

ఇప్పుడు వెధవపని గురించి చెప్తాను.

పన్నెండేళ్ల కిందట డీజేలు వచ్చి మా పొట్ట కొట్టాయి. ఏడుగురి ఆర్కెస్ట్రాని పిలిచే ఓపిక ఎవరికీ లేదు. ఫ్లూటాయన్ని మానిపించాం. వయొలిన్ ఆయన తనే పోయి మాకు ఆ శ్రమ తప్పించాడు. ఒకరోజు ధనుంజయ నన్ను పక్కకి పిలిచి, "బేసు నీ ఎడం సేత్తో లాగించీలేవా?" అన్నాడు. లేనని ఒక్క మాట అంటే ఢిల్లీరావు ఉండేవాడు. లాగిస్తాను అన్నాను. ఎడమచేతి వైపు కీబోర్డులో ఒక మీట నొక్కితే బేసు గిటారులాగా పలుకుతుంది. ముప్పై ఏళ్లు వాయించిన మనిషికి బదులు ఒక మీట.

ఆ కబురు అతనికి ధనుంజయ చెప్పాడు, నేను చెప్పలేదు. మర్నాడు ఢిల్లీరావు మా ఇంటికి వస్తుంటే కిటికీలోంచి చూసి, ఇంట్లో లేనని చెప్పమని మా ఆవిణ్ణి పంపాను. అతను గడప దగ్గర నిలబడి అన్నమాట నాకు లోపలికి వినబడింది.

"ఉన్నాడమ్మా. ఇందాకట్నుంచి రోడ్డు మీద ఇంటన్నాను, ఎడం సెయ్యి ఘోరంగా వాయిత్తన్నాడు. అది ఇనలేకే వచ్చినాను."

లోపలికి వచ్చి కూర్చున్నాడు. నేను తల ఎత్తలేదు. అతను ఆ సంగతే ఎత్తలేదు. "నీ ఎడం సెయ్యి కుడి సేతికి పాలేరు లాగ ఎనకెనకే నడుత్తంది బావా. అది ముందు నడవాల" అన్నాడు. భుజం మీద తువ్వాలు తీసి నా కుడిచెయ్యిని కుర్చీకి కట్టేశాడు. అది నా మాట వినదు, ఊరికే రాగం కోసం ఎగబడుతుందని అతనికి తెలుసు. మూడు నెలలు, వారానికి రెండు రోజులు, ఆర్కెస్ట్రా పోయాక చేరిన జీడి ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి సైకిలు మీద వచ్చేవాడు. కుడిచెయ్యి కట్టేసేవాడు. ఎడమచేతికి నడక నేర్పేవాడు. తన పని పీకేసినవాడికి తన పని నేర్పించి పోయాడు. అంతటి మంచితనం మనిషికి ఉండకూడదు, ఎదుటివాడు తలెత్తుకు తిరగలేడు. నాకు ఇప్పటికీ అతని మీద ఆ కోపం ఉంది.

తరవాత కిడ్నీలు. ఉద్దానంలో దీనికి పెద్ద కథ అక్కర్లేదు, ఇంటింటా ఉన్న జబ్బే. వేరే ఊళ్లలో ఎంత సంపాదిస్తున్నావని అడుగుతారు, ఇక్కడ రక్తంలో క్రియాటినిన్ ఎంతుందని అడుగుతారు. ఢిల్లీరావుది నాలుగుకి వచ్చినప్పుడు "తీగకొకటి" అన్నాడు. తొమ్మిది దాటాక డయాలసిస్‌లో పడ్డాడు. వారానికి మూడు రోజులు పలాస ఆసుపత్రి.

డయాలసిస్ కోసం ఎడమచేతిలో రెండు నరాలు కలిపి కుడతారు. ఫిస్టులా అంటారు, ఆ మాట మా ఊళ్లల్లో బడిపిల్లలకీ తెలుసు. అక్కడ చెయ్యి వేస్తే లోపల రక్తం జుమ్ముమని అదురుతూ తెలుస్తుంది. చెవి ఆనిస్తే లావు చప్పుడు వినబడుతుంది. ఆ చప్పుడు ఆగితే వెంటనే తీసుకురమ్మని నర్సమ్మ చిన్నమ్మికి చెప్పింది. అప్పట్నుంచి నాలుగేళ్లు, రోజూ పొద్దున్న లేచీ లేవగానే, మొహమైనా కడుక్కోకుండా ఆమె అతని చేతికి చెవి పెట్టేది.

"బేసు వత్తందేటే?" అని అడిగేవాడు అతను.

"వత్తంది, లెగు" అనేది ఆమె.

ఒకరోజు రాలేదు. అంతకంటే ఆ రోజు గురించి నేను రాయలేను.

పదకొండో రోజు పెద్దకర్మ. పిండం పెట్టగానే కాకి వచ్చి వాలింది. పిలవగానే వచ్చి ఢిల్లీరావుని పట్టించుకున్న మొదటి శ్రోత అదే. ఆ తరవాత సంతాపసభ అన్నారు. ఫ్లెక్సీ కింద కుర్చీలు వేశారు. ధనుంజయ మైకు పట్టుకుని, ఢిల్లీరావు గొప్పతనం గురించి మొదలుపెట్టి, మూడో నిమిషానికి తనకి టెక్కలిలో జరిగిన సన్మానం దగ్గర తేలాడు. ఇంకో పెద్దమనిషి ఇంటికి పునాది ఎలాగో పాటకి బేసు అలాగ అన్నాడు. ఆయన ఆ పునాది ఎప్పుడూ వినలేదు. చిన్నమ్మి గుమ్మంలో కూర్చుని నా వైపే చూస్తోంది. రికార్డింగు దొరకలేదని ఆమెకి ఇంకా చెప్పలేదు.

పందిట్లో భోజనాలు మొదలయ్యాయి. వరహాలు పంచె ఎగ్గట్టి సాంబారు బకెట్టుతో వడ్డిస్తున్నాడు. నేను నూకయ్యని పిలిచి పెద్ద బాక్సులు రెండూ గుమ్మానికి ఎదురుగా పెట్టించాను. కీబోర్డు బిగించాను. బేసు మీట నొక్కాను.

"నా కుడిసెయ్యి కట్టీరా" అన్నాను.

నూకయ్య నన్ను ఎగాదిగా చూశాడు. తాగి వచ్చాననుకున్నాడు. తువ్వాలు తీసి కుర్చీకి కట్టాడు మాత్రం.

ఎడమచేత్తో మొదలుపెట్టాను. పాట ఏదో చెప్పను, అందరికీ తెలిసిందే, ప్రతి పెళ్లిలోనూ వాయించిందే. అందులో ఢిల్లీరావు భాగం మాత్రమే, అతను నా చేతికి నేర్పింది నేర్పినట్టుగా. పైన పాట లేదు, రాగం లేదు, డ్రమ్ము లేదు. మొదట చాలా సిగ్గేసింది. నలుగురిలో చొక్కా లేకుండా నిలబడ్డట్టుంది. బంతిలో కూర్చున్నవాళ్లు తలలు తిప్పారు. "పాటేదిరా?" అని ఒకడు. "కీబోర్డు పాడైపోనాది" అని ఇంకొకడు. నా కుడిచెయ్యి తువ్వాల్లో గింజుకుంది. రెండు ముక్కలు రాగం పలికిస్తే అందరూ ఆహా అంటారు, నా పరువు దక్కుతుంది. ఢిల్లీరావు మళ్లీ ధనుంజయ వెనకకి పోతాడు. కట్టించుకోవడం మంచిదయింది.

రెండో చరణానికి వచ్చేసరికి జనం నన్ను మర్చిపోయి తిండిలో పడ్డారు. అదే కావలసింది. అతన్ని ఎప్పుడూ అలాగే విన్నారు. చూస్తూ ఉంటే అప్పడాలు విరిగే చప్పుడు ఒక్కచోట పడుతోంది. వరహాలు వరసగా వడ్డించుకుపోతున్నాడు, ఒక గరిటె, ఒక అడుగు, ఒక గరిటె, ఒక అడుగు. కొబ్బరికాయలు లెక్కపెట్టే మనిషి, సంగీతమంటే గిట్టని మనిషి, అతని గరిటె ఒక్కసారి కూడా తాళం తప్పలేదు.

చిన్నమ్మి గుమ్మంలోంచి లేచింది. బాక్సు దగ్గరికి వచ్చి, వేడిగా ఉందేమో చూసినట్టు అరచెయ్యి ఆనించింది. తియ్యలేదు. కాసేపయ్యాక వంగి చెవి పెట్టింది. నాలుగేళ్లు రోజూ పొద్దున్న ఎలా పెట్టేదో అలాగే, కళ్లు మూసుకుని.

"ఇదా?" అంది.

ఇదే అప్పా అన్నాను.

"ఇది నాకు ఎరికే తమ్ముడా. రోజూ ఇనీదాన్ని." బాక్సుకి వీపు ఆనించి నేల మీద కూర్చుంది. "ఆపకు" అంది.

ఆపలేదు. పాట అయిపోతే మళ్లీ మొదటికి వచ్చాను. మూడుసార్లు, నాలుగుసార్లు. మణికట్టు లాగేసింది, చిటికెన వేలు నా మాట వినడం మానేసింది. ఆపాలంటే భయం వేసింది. ఆపితే ఏమవుతుందో ఆ తీరం మీద చీమ కుట్టిన రోజునే నాకు తెలుసు. అయిదోసారి చరణం మధ్యలో నా చెయ్యి దానంతట అదే ఆగిపోయింది.

పందిట్లో ఎక్కడి చేతులు అక్కడ ఆగాయి. వరహాలు గరిటె గాల్లో నిలబడింది. తల పైకెత్తి పందిరి వైపు చూశాడు. అక్కడ ఫ్యాను గిర్రున తిరుగుతోంది.

"ఓరి నూకయ్యా, కరెంటు పోనాదేట్రా?" అన్నాడు.

నూకయ్య పైకి లేచాడు. నేను లేవద్దని సైగ చేశాను. చిన్నమ్మి నేల మీంచి తలెత్తి అన్న మొహంలోకి చూసింది. ఆరేళ్ల తరవాత అతనితో ఆమె మాట్లాడిన మొదటి మాట అది.

"కరెంటు ఉన్నాదన్నా. మీ బావే లేడు."

వరహాలు బకెట్టు కింద పెట్టి, చెయ్యి పంచెకి తుడుచుకుని, బాక్సు దగ్గరికి వచ్చి చెల్లెలి పక్కన కూర్చున్నాడు. నేను మళ్లీ మొదలుపెట్టాను.